పచ్చ గడిలో మాణిక్యం గారు

మా ఊరి పెద్దాసుపత్రిలో 'తేలిక' బరువు నిర్వహణ పథకం పుట్టడానికి ఒక మంచి కారణం ఉంది. తరవాత దానికి ఒక కార్యాలయం కూడా వచ్చింది.

కారణం డాక్టర్ సలోమి గారు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి, మందులు పూర్తయి, ఇళ్లకు వెళ్లిన ఆడవాళ్లలో చాలామంది ఏడాది తిరిగేసరికి ఎనిమిదేసి, పదేసి కిలోలు పెరిగి వస్తున్నారని ఆవిడ గమనించారు. మందుల వల్ల కొంత, నీరసం వల్ల కొంత, మళ్లీ ఏం ముంచుకొస్తుందోనన్న దిగులుతో గడప దాటకపోవడం వల్ల కొంత. ఈ బరువు వాళ్లకు మంచిది కాదు. అందుకని నెలకోసారి అందరినీ పిలిచి, ఇంట్లో వండుకునే తిండిలోనే ఏది తగ్గించుకోవాలో, ఆపరేషన్ అయిన వైపు చెయ్యి నొప్పి పుట్టకుండా ఎలా ఆడించాలో, రోజూ ఎంత దూరం నడవాలో చెబుతానని ఆవిడ పైవాళ్లకు రెండు పేజీల ఉత్తరం రాశారు.

పైనుంచి నూట నలభై పేజీల మార్గదర్శకాలు వచ్చాయి. అందులో డాక్టర్ గారి ఉత్తరం తొమ్మిదో అనుబంధంగా చేర్చారు. రెండో పేజీ కలపడం మరిచిపోయారు.

నా పేరు శేషగిరి. ఆ పథకంలో నేను వివరాల నమోదు సహాయకుణ్ణి. గురువారం గురువారం ఆడవాళ్లు వంతులవారీగా, ఒక్కొక్కరూ నెలకోసారి వచ్చి కాటా ఎక్కుతారు, నేను అంకె చూసి కంప్యూటర్‌లో కొడతాను. ఏడాదికోసారి పొడిగిస్తే ఉండే ఉద్యోగం, లేకపోతే ఊడే ఉద్యోగం. అందువల్ల అంకెలు తప్ప ఇంకేమీ నోటితో అనే అలవాటు నాకు లేదు.

పేరులోనే బరువు నిర్వహణ అని ఉన్న పథకం కాబట్టి, బరువుల గురించి బాగా తెలిసిన అధికారి కావాలని పైవాళ్లు ఆలోచించారు. తూనికలు కొలతల శాఖలో ఇరవై రెండేళ్లు పనిచేసిన ఉమామహేశ్వరం గారిని డిప్యుటేషన్ మీద పంపారు. ఆయన చెడ్డవాడేం కాదు. వచ్చిన మొదటిరోజే ఇనుప రాళ్లు తెప్పించి, కాటా మీద ఒక్కొక్కటే పెట్టి చూసి, తీగ చుట్టి సీసపు ముద్ర వేశారు. జిల్లాలో ఇంత నిజాయితీగల కాటా మరొకటి లేదని ప్రకటించారు. తరవాత ఆడవాళ్లవైపు తిరిగి, "లబ్ధిదారుల సహకారంతో జిల్లా సగటు బరువును నిర్ణీత కాలపరిమితిలో ఐదు శాతం మేర క్షీణింపజేయుటకు ఈ కార్యాలయం కృతనిశ్చయంతో ఉన్నది" అన్నారు. ఆడవాళ్లు తలలూపారు. వాళ్లలో చాలామంది అంతకంటే కష్టమైన మాటలు డాక్టర్ల నోట విని బతికినవాళ్లు.

వచ్చిన నూట పన్నెండు మందిలో మాణిక్యం గారు ఒకరు. పూర్తి పేరు రత్నమాణిక్యం. కోర్టు దగ్గర టిఫిన్ బండి ఆవిడదే. భర్త పోయాక పదేళ్లుగా ఒక్కతే నడుపుకుంటోంది. మూడేళ్ల క్రితం ఎడమ రొమ్ము తీసేశారు. మందులూ సూదులూ అయ్యాక మళ్లీ బండి దగ్గర నిలబడింది. మొదటి గురువారం ఆవిడ డెబ్బయ్యొక్క కిలోలు తూగింది. ఆవిడ వెనకే వచ్చిన హసీనాబీ డెబ్బయ్యెనిమిది. హసీనాబీ బ్లౌజులు కుడుతుంది. ఇద్దరూ ఆసుపత్రి వార్డులో పక్క పక్క మంచాల మీద పరిచయమైనవాళ్లు.

ఆహార పట్టికను రాజధానిలోని ఒక సంస్థ తయారుచేసింది. అందులో కినోవా అనే పరదేశపు గింజలు, అవకాడో, బ్రకోలీ ఉన్నాయి. మా మార్కెట్లో బ్రకోలీ అడిగితే కూరగాయలామె కాలీఫ్లవర్ చూపించి, ఆ పచ్చటిది ఇంకో వారం ఆగితే ఇలా తెల్లగా అయ్యేదేనని చెప్పింది. ఎవరేం తిన్నారో రోజూ ఫోనులో నమోదు చెయ్యాలి. అందులో నలభై ఎనిమిది పదార్థాల జాబితా కనిపిస్తుంది, వాటిలోంచే ఒకటి ఎంచుకోవాలి. ఇడ్లీ లేదు, అన్నం లేదు, రాగి అంబలి లేదు. ఆడవాళ్లు ఇంట్లో ఉన్నది తిని, జాబితాలో మొదట ఉన్నది నొక్కారు. ఆ లెక్కన మొదటి మూడు నెలల్లో రాష్ట్రంలోకెల్లా అత్యధికంగా కినోవా తిన్న ఊరు మాదేనని అభినందన వచ్చింది.

వ్యాయామమూ అంతే. రెండు చేతులూ తలమీదకు నలభై సార్లు ఎత్తాలని నిబంధన. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి చాలామందికి భుజం దాకా కూడా లేవదు. ఆ మాట చెబితే ఉమామహేశ్వరం గారు కాసేపు ఆలోచించి, రెండు చేతులకూ కలిపి ఎనభై రావాలి కాబట్టి లేచే చెయ్యే ఎనభై సార్లు ఎత్తితే మొత్తంలో తేడా రాదని తేల్చారు. అడుగులు లెక్కపెట్టే పట్టీలు కూడా ఇచ్చారు. హసీనాబీ దాన్ని కాలికి కట్టుకుని రోజంతా కుట్టుమిషను తొక్కింది. రోజుకి పదకొండు కిలోమీటర్లు నడుస్తూ కూడా ఆవిడ బరువు ఎందుకు పెరుగుతోందో అధికారికి అర్థం కాలేదు. ఆవిడ మాత్రం అల్లా దయ అనేది.

కంప్యూటర్‌లో ప్రతి మనిషికీ ఒక గడి ఉంటుంది. కిందటి తూకంకంటే కిలో దాటి తగ్గితే గడి పచ్చగా మారుతుంది. కొంచెం అటూ ఇటూగా ఉంటే పసుపు. కిలో దాటి పెరిగితే ఎరుపు. పచ్చగా మారినవాళ్లకు చప్పట్లు కొట్టి ఒక కాగితం ఇవ్వాలి. పసుపువాళ్లకు హితబోధ. ఎరుపువాళ్లకు సంజాయిషీ నోటీసు, అదేరోజు డాక్టర్ గారి దగ్గర విచారణ.

డాక్టర్ సలోమి గారు ఇప్పుడు మేడమీద పద్నాలుగో గదిలో గురువారం మాత్రమే కూర్చునేవారు. మిగతా రోజుల్లో ఆవిణ్ని జిల్లాలు తిప్పి పథకం గురించి ఉపన్యాసాలు ఇప్పిస్తున్నారు. ఆ గదికి వెళ్లాలంటే నా బల్ల మీద యంత్రం అచ్చువేసే ఎర్ర చీటీ ఉండాలి. మామూలు ఓపీలో చూపించుకుందామన్నా కార్డు నంబరు కొట్టగానే 'తేలిక లబ్ధిదారు, గురువారం కౌంటరుకు వెళ్లవలెను' అని వచ్చేది.

మొదటి మూడు నెలలు ఎవరూ తగ్గలేదు. సమీక్షా సమావేశంలో మా జిల్లా చివరినుంచి రెండోది అయింది. ఉమామహేశ్వరం గారు భోజనం మానేశారు. ఆయన రెండు కిలోలు తగ్గారు గాని ఆయన లబ్ధిదారు కాదు.

నాలుగో నెలలో మాణిక్యం గారు కాటా ఎక్కితే అరవై ఎనిమిది వచ్చింది.

మా కార్యాలయంలో అదే మొదటి పచ్చ గడి. ఉమామహేశ్వరం గారు గదిలోంచి బయటికి వచ్చి తెర వంక చూసి, స్వయంగా చప్పట్లు మొదలుపెట్టారు. మాణిక్యం గారు నవ్వి కాగితం తీసుకుని వెళ్లింది. ఆ మరుసటి నెల అరవై మూడు. ఆ తరవాత యాభై ఎనిమిది. ఇలా తగ్గినకొద్దీ చప్పట్లు పెద్దవయ్యాయి. ఆవిడ ఫొటో గోడకెక్కింది. కింద 'క్రమశిక్షణే నా ఆహారం' అని రాశారు. ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు, కాని అనదగిన మాటే అని అధికారి అభిప్రాయం.

కాటా మీద అంకె మాత్రమే చూడాల్సిన నేను, యాభై ఎనిమిది వచ్చిన రోజు ఎందుకో తలెత్తి మనిషిని చూశాను. జాకెట్టు భుజాల మీంచి జారుతోంది. గాజులు మోచేతి దాకా వెళ్లి వస్తున్నాయి. ఫ్యాను కింద నిలబడి కూడా నుదురు చెమట పట్టి ఉంది. కాగితం అందుకుంటుంటే ఆ కాగితం వణికింది.

వెళ్లకుండా నా బల్ల దగ్గరే నిలబడింది.

"నేనేం తగ్గించలేదు బాబూ" అంది మెల్లగా. "ఇదివరకటికంటే రెట్టింపు తింటన్నాను. తిన్న గంటకే మళ్లీ ఆకలి. ఎక్కడికి పోతందో తెలవటం లేదు. గుండె దడదడమంటా ఉంటది. చేతులు వణికి అట్టు కూడా గుండ్రంగా రావటం లేదు. డాక్టరమ్మని ఒక్కసారి చూడనియ్యి."

నేను యంత్రం వైపు చూశాను. పచ్చ గడికి అది ఎర్ర చీటీ ఇవ్వదు. ఆ సంగతే చెప్పాను. వీధిచివర మందులిచ్చే ఆయన్ని అడిగితే బలానికి మాత్రలిచ్చాడని ఆవిడ చెప్పింది. తరవాత కాసేపు తన చేతులవైపు చూసుకుని, "ఆ జబ్బే మళ్లీ వచ్చిందేమో" అంది. "అద్దంలో చూసుకోటం మానేశాను."

ఆ మధ్యాహ్నం నా జీవితంలో మొదటిసారి పిలవకుండా అధికారి గదిలోకి వెళ్లాను. మాణిక్యం గారు డాక్టర్ గారిని చూడాలంటున్నారని చెప్పాను.

"ఏ రంగు?" అన్నారాయన.

"పచ్చ అండి."

"మరి దేనికి? మార్గదర్శకాలు పదకొండో అధ్యాయం చూడండి. పచ్చరంగు లబ్ధిదారు అనగా ఆరోగ్యవంతురాలు. ఆరోగ్యవంతురాలిని వైద్యుల వద్దకు పంపితే మన విజయాన్ని మనమే శంకించినట్టు కాదా?"

తిండి తగ్గించలేదట, వ్యాయామం కూడా చేతకాక మానేసిందట అని చెప్పాను. ఉమామహేశ్వరం గారి ముఖం వెలిగింది.

"ఆ రెండూ లేకుండానే తగ్గిందంటే పథకం ఎంత లోతుగా పనిచేస్తున్నదో చూడండి శేషగిరి గారూ" అన్నారు.

నేను ఇంకా అక్కడే నిలబడటం చూసి ఆయనకీ కొంచెం అనుమానం కలిగినట్టుంది. నియమాలు తప్పే మనిషి కాదు కాబట్టి పైకి ఒక లేఖ రాశారు. లబ్ధిదారు బరువు లక్ష్యాన్ని మించి తగ్గుచున్న యెడల చేయవలసినదేమి అని అడిగారు. వారంలో జవాబు వచ్చింది. 'అధిక విజయము గురించి ప్రస్తుతము ఆదేశములు లేవు. కొనసాగించవలెను.'

గురువారం నేనే మేడెక్కి డాక్టర్ గారికి చెప్పి ఉండవచ్చు. ఇరవై ఆరు మెట్లు. మార్చిలో నా ఉద్యోగం పొడిగింపు ఉంది. ఆ మెట్ల మొదట రెండుసార్లు నిలబడి వెనక్కి వచ్చాను. ఇది గర్వపడి రాస్తున్న సంగతి కాదు.

ఏడో నెల మాణిక్యం గారు యాభై ఐదు. నూట పన్నెండు మందిలో మిగతావాళ్లు దాదాపు అందరూ పావుకిలో అటూ ఇటూగా ఉన్నారు. ఆవిడ ఒక్కతే పదహారు కిలోలు తగ్గింది. తగ్గిన మొత్తం బరువు ప్రకారం మా జిల్లా ఆరో స్థానానికి ఎగబాకింది. పైనుంచి ఫోను వచ్చింది. రాబోయే నెల మూడో శనివారం పురమందిరంలో సభ. మాణిక్యం గారికి 'తేలిక రత్న' బిరుదు, జ్ఞాపిక, శాలువా. ఆ ముందు గురువారం చివరిసారి తూచి, ఆ అంకెను జ్ఞాపిక మీద చెక్కాలి. ఆ తూకాన్ని ఫొటో తీయడానికి మనిషిని కూడా పంపుతారు.

ఈ కబురు చెప్పడానికి నేనే టిఫిన్ బండికి వెళ్లాను. మాణిక్యం గారు స్టూలు మీద కూర్చుని ఉంది. పెనం దగ్గర హసీనాబీ నిలబడి అట్లు పోస్తోంది. కుట్టుపని మానుకుని నెలరోజులుగా పొద్దున్నే వచ్చి సాయం చేస్తోందట. బిరుదు సంగతి వినగానే హసీనాబీ గరిటె పక్కన పెట్టింది.

"నేను ఎర్రగడిలో పడ్డప్పుడల్లా డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాడి చూసి, కళ్లు చూసి, ఇంట్లో విషయాలు కూడా అడుగుద్ది" అంది. "ఈవిడ ఇట్టా ఎండిపోతంటే మీరు చప్పట్లు కొడతన్నారు. ఎర్రగడిలో పడాలంటే ఎంత పెరగాలి?"

కిలో దాటాలని చెప్పాను.  ఆవిడ మాణిక్యం గారి నడుము వైపు ఒకసారి కొలతకు చూసినట్టు చూసి, మళ్లీ పెనం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ గురువారం కార్యాలయం కడిగి ముగ్గు వేశారు. కాటాకు బంతిపూల దండ కట్టారు. దండ బరువు తూకంలో కలవకుండా చూడమని అధికారి నన్ను ఆదేశించారు. ఫొటోల మనిషి సిద్ధంగా ఉన్నాడు. మాణిక్యం గారు హసీనాబీ భుజం పట్టుకుని చాలా నెమ్మదిగా వచ్చింది. అడుగు తీసి అడుగు వేయడం కష్టంగా ఉంది. ముదురు రంగు చీర మడమల దాకా దించి కట్టింది. నడుం కింద ఆవిడ బాగా విశాలంగా కనిపించింది.

కాటా ఎక్కింది. అంకె పరిగెత్తి, ఊగి, నిలబడింది. అరవై మూడున్నర.

ఫొటోల మనిషి కెమెరా దించేశాడు.  ఉమామహేశ్వరం గారు ముందుకు వచ్చి కాటా తీగనూ సీసపు ముద్రనూ పరీక్షించారు. ముద్ర చెక్కుచెదరలేదు. ఆవిణ్ని దిగమని, తాను ఎక్కి చూసుకున్నారు. ఆయన బరువు ఆయనకు తెలుసు, అదే వచ్చింది. ఇనుప రాళ్లు తెప్పించి పెట్టించారు. ఇరవై కిలోల రాయి ఇరవై చూపించింది. మళ్లీ మాణిక్యం గారిని ఎక్కమన్నారు. మళ్లీ అరవై మూడున్నర. జిల్లాలోకెల్లా నిజాయితీగల కాటా మీద ఆయన కోపం ఎలా తెచ్చుకోగలరు?

అప్పుడు చూశాను. ఆవిడ చీర కుచ్చిళ్ల కిందనుంచి సన్నగా, ఆగకుండా, కాటా అంచుమీదికి ఇసుక రాలుతోంది. హసీనాబీ కుట్టులో ఎక్కడో ఒక దారం వదిలినట్టుంది. హసీనాబీ కూడా అది చూసి కళ్లు మూసుకుంది.

నా చేతిలోని రిజిస్టరు సరిగ్గా ఆ ఇసుక మీద పడింది. జారిపడటం వేరు, పడెయ్యడం వేరు. ఆ తేడా నాకు తెలుసు. వంగి రిజిస్టరుతో సహా ఇసుకంతా కుర్చీ కిందికి తోసేసి, పైకి లేచి, కంప్యూటర్‌లో అరవై మూడు పాయింట్ ఐదు అని కొట్టాను. గడి ఎర్రబడింది. యంత్రం గురగురమని చీటీ వదిలింది.

"ఎనిమిదిన్నర కిలోల ప్రతికూల ప్రగతి" అన్నారు ఉమామహేశ్వరం గారు. "శనివారం సభ ఉందమ్మా. ఏం తిన్నారు?"

"కినోవా అండి" అంది మాణిక్యం గారు.

ఎర్రగడి వాళ్లను సిబ్బంది వెంట ఉండి తీసుకువెళ్లాలని నిబంధన. అందువల్ల ఆ ఇరవై ఆరు మెట్లూ నిబంధన ప్రకారమే ఎక్కాను. ఆవిడ ప్రతి నాలుగు మెట్లకూ ఆగింది. పద్నాలుగో గది ముందు కూర్చోబెట్టి చీటీ లోపలికి ఇచ్చాను. లోపల జరిగింది తరవాత హసీనాబీ చెప్పింది. డాక్టర్ గారు మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ ఒక నిమిషం నాడి లెక్కపెట్టారట. మెడ తడిమి చూశారట. చేతులు చాపమని వేళ్ల మీద ఒక కాగితం పరిచి, అది వణకడం చూశారట. పరీక్షకు చీర సర్దబోయేసరికి లంగాకి చుట్టూ కుట్టిన పన్నెండు జేబులూ, వాటిలో పోసిన కాలవ ఇసుకా బయటపడ్డాయి. ఇదేమిటని డాక్టర్ గారు అడిగితే హసీనాబీయే అంతా చెప్పింది.

డాక్టర్ గారు లంగాని బల్ల మీద పెట్టి, మాణిక్యం గారిని తన గదిలోని కాటా మీద నిలబెట్టారు. యాభై రెండు. అంటే ఒక్క నెలలో ఇంకో మూడు కిలోలు పోయాయి.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?" అని అడిగారు.

"పచ్చగా ఉన్నానండి" అంది మాణిక్యం గారు.

డాక్టర్ గారు లేచారు. తలుపు తీసి నన్ను లోపలికి పిలిచి, ఆవిణ్ని వెంటనే వార్డులో చేర్చాలని, రక్త పరీక్షలకూ గుండె పరీక్షకూ స్కాన్‌కీ కాగితాలు తనే తీసుకువెళ్తానని చెప్పారు. నాడి నూట ముప్పై, అదీ లయ తప్పి కొట్టుకుంటోందట. మెట్లు దిగుతూ డాక్టర్ గారు నా వైపు చూడకుండా, "మీకు ముందే తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను. ఆవిడ ఇంకొక్క మాట అన్నా నాకు సులువుగా ఉండేది.

శనివారం సభ ఆగలేదు. ముఖ్య అతిథి వస్తున్నారు, జ్ఞాపిక సిద్ధంగా ఉంది. తాజా అంకె పనికిరాదు కాబట్టి పాత అంకెనే చెక్కారు. మాణిక్యం గారు వార్డులో ఉండటంతో ఆవిడ తరపున హసీనాబీ వేదిక ఎక్కింది. ముఖ్య అతిథికి ఎవరు ఎవరో చెప్పినవాళ్లు లేరు. ఆయన ఎనభై ఒక్క కిలోల హసీనాబీకి శాలువా కప్పి, ఇంత తక్కువ కాలంలో ఇంత సన్నబడిన సోదరిని చూసి రాష్ట్రమంతా స్ఫూర్తి పొందాలన్నారు. జనం చప్పట్లు కొట్టారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. హసీనాబీ మైకుని రెండు చేతులా పట్టుకుంది.

"ఇది నాది కాదండి" అంది. "ఈ బహుమతి వచ్చినావిడ ఆసుపత్రిలో ఉంది. స్కాన్ ఫలితం ఇంకా రాలేదు. జబ్బు తిరగబెట్టకుండా ఉండాలని మీలో దేవుణ్ణి నమ్మేవాళ్లు ఒకసారి అనుకోండి."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. ముందువరసలో ఇద్దరు కొట్టి ఆగిపోయారు. ఉమామహేశ్వరం గారు వేదిక మెట్ల మీద నిలబడి ఉన్నారు. అక్కణ్ణించి ఆయన కారెక్కలేదు, నడిచి ఆసుపత్రికి వచ్చారు. అప్పటికే డాక్టర్ గారి నివేదికలో ఇసుక సంగతి ఆయన చదివారు. ఇరవై రెండేళ్లలో తూకం తక్కువ చూపించినవాళ్లను వందలమందిని పట్టుకున్నానని, తన మీద తానే ఎక్కువ తూకం వేసుకున్న మనిషికి ఏ సెక్షనూ లేదని నాతో అన్నారు. మాణిక్యం గారి మంచం దగ్గర చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏం అడగాలో తెలియక చివరికి, "ఇప్పుడు బరువెంతమ్మా?" అన్నారు. ఆవిడ యాభై రెండని చెప్పింది. ఆయన తల దించుకుని వెళ్లిపోయారు.

ఫలితాలు మంగళవారం వచ్చాయి. క్యాన్సర్ తిరగబెట్టలేదు. మెడలోని థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పి, ఒంటినంతా కొలిమిలా కాల్చేస్తోందట. ఇంకో నెల ఆగితే గుండె ఆగేదని డాక్టర్ గారు చెప్పారు. మందులు మొదలుపెట్టారు. స్కాన్ మాట విన్నాక మాణిక్యం గారు గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. హసీనాబీ ఆవిడ వీపు నిమురుతూ, ఇసుక మోయించినందుకు క్షమించమంది. అది తన ఒంటి మీద ఉన్నంతసేపూ కాళ్లు నేలమీద ఆనుతున్నట్టు అనిపించిందని మాణిక్యం గారు చెప్పింది.

డాక్టర్ గారు ఈసారి ఒకే పేజీ రాశారు. కారణం లేకుండా బరువు తగ్గడం ఆపదకు గుర్తు కావచ్చు, అలాంటివాళ్లను వెంటనే వైద్యుల దగ్గరికి పంపాలి అని. ఉమామహేశ్వరం గారు ఆ పేజీ కింద 'గట్టిగా సిఫారసు చేయడమైనది' అని రాసి, తన ఉద్యోగంలో మొట్టమొదటిసారి కారణాలు జతపరచకుండా సంతకం పెట్టారు. పదిహేను రోజుల్లో ఆదేశాలు వచ్చాయి. ఇకపై తగ్గినా ఎరుపే, పెరిగినా ఎరుపే. ఏ మార్పూ లేనివారే పచ్చ. ఎంత తగ్గితే, ఎంత పెరిగితే అనేది రాయడం మరిచిపోయారు. యాభై గ్రాములు తేడా వచ్చినా యంత్రం ఎర్ర చీటీ వదిలేది. మనిషన్నాక యాభై గ్రాములు తేడా రాకుండా ఉండదు. ఆ గురువారం నుంచి నూట పన్నెండు మందీ మేడ ఎక్కారు. డాక్టర్ గారు ఉపన్యాసాలకు వెళ్లడానికి వీల్లేక రోజూ కూర్చోవలసి వచ్చింది. ఆవిడ అందరితోనూ మాట్లాడారు. అన్నం ఎంత వండుకోవాలో, నూనె ఎంత పొయ్యాలో చెప్పారు. చేతులు లేచినంతవరకే లేపమన్నారు. సాయంత్రం కాలవ గట్టున ఇద్దరిద్దరుగా నడవమన్నారు. ఆరు నెలల్లో చాలామంది కొంచెం కొంచెం తగ్గారు. హసీనాబీ కూడా నాలుగు కిలోలు తగ్గింది. మాణిక్యం గారు తొమ్మిది పెరిగింది, చెంపలు నిండాయి. మా జిల్లా తెర మీద మాత్రం ఒక్క పచ్చ గడి లేదు.

రాష్ట్రంలో అన్నిటికంటే ఎర్రని జిల్లాలో ఆడవాళ్లు ఇంత బాగా ఎలా ఉన్నారో తెలుసుకోవడానికి నలుగురు సభ్యుల అధ్యయన బృందం వచ్చింది. రెండు రోజులు దస్త్రాలు చూశారు. ఏమీ దొరకలేదు. చివరికి మాణిక్యం గారిని పిలిచి, తన ఆరోగ్యం బాగుపడటానికి ప్రధాన కారకమేమిటని అడిగారు.

"డాక్టరమ్మ 'ఎలా ఉన్నావు' అని అడుగుద్దండి. నేను చెబుతానండి" అంది.

బృందం నాయకుడు ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశారు.

మరుసటి నెల కొత్త నమూనా పత్రం వచ్చింది. దానికి అరవై పేజీల వివరణ జతచేశారు. కాటా ఎక్కకముందు ప్రతి లబ్ధిదారునూ సిబ్బంది విధిగా ఒక ప్రశ్న అడిగి, జవాబును కంప్యూటర్‌లో నమోదు చెయ్యాలి. మొదట వచ్చింది మాణిక్యం గారే. నేను పత్రం చూస్తూ ప్రశ్న చదివాను. "ఎలా ఉన్నారు?"

ఆవిడ నోరు తెరిచింది. మోకాలు నొప్పి గురించో, రాత్రి పట్టని నిద్ర గురించో చెప్పబోతోంది. నేను చెయ్యి అడ్డం పెట్టి, జవాబులు రెండే ఉన్నాయని, వాటిలో ఒకటి ఎంచుకోవాలని చెప్పాను. ఆవిడ నా పక్కకి వచ్చి తెరమీదికి వంగి చదువుకుంది. మొదటిది 'బాగున్నాను'. రెండోది 'చాలా బాగున్నాను'.

"రెండిట్లో నీకు ఏది నచ్చితే అది కొట్టుకో బాబూ" అంది మాణిక్యం గారు, కాటా ఎక్కి దిగి ఎర్ర చీటీ అందుకుంటూ. "నేను పైకెళ్లి చెప్పుకుంటాను."